చెమట కనిపించని ఎండ

మే నెలలో పెళ్లికో పనికో విజయవాడ పోయొచ్చిన కర్నూలు మనిషి నోట ఈ మాట తప్పకుండా వింటాం: "అబ్బా, అదేం ఉక్కప్పా! చొక్కా పిండితే చెంబెడు చెమట. దానికంటే మన ఎండే మేలు. ఎంత మండినా ఒంటికి చెమట పట్టదు." కడపలో అడిగినా ఇదే చెబుతారు. కొట్టిపారేయాల్సిన మాటేమీ కాదిది. కృష్ణ ఒడ్డున 39 డిగ్రీలకే మనిషి అల్లాడిపోతాడు. బేతంచెర్ల బండల గనుల్లో 43 డిగ్రీల్లో కూడా సుత్తి చప్పుడు ఆగదు. మరి నిజంగానే మన ఎండ మేలైనదా? మేలైనదైతే ఏటా ఉగాది దాటగానే వడదెబ్బ చావుల వార్తలు ఈ జిల్లాల నుంచి ఎందుకొస్తాయి?

వడదెబ్బ మన రాష్ట్రానికి కొత్త కాదు. 2003లో, 2013లో, 2015లో ఒక్కో వేసవిలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2015లో దేశమంతటా వడదెబ్బకు పోయిన ప్రాణాలు రెండు వేలు దాటితే అందులో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పని చేసుకునే కూలీలు. ఎండాకాలం అందరికీ వస్తుంది. ఎవరి ప్రాణం తీస్తుందన్నది మాత్రం వాళ్లు చేసే పనిని బట్టి, వాళ్లకు దొరికే నీడను బట్టి తేలుతుంది.

కుండ చేసే పని

"చెమట పట్టదు" అన్న మాటను ముందు సరిచూడాలి. గనిలో పనిచేసే మనిషి ముదురు రంగు చొక్కా వేసుకుని ఉంటే మధ్యాహ్నానికి వీపు మీద తెల్లటి చారలు తేలతాయి. వేలితో గీస్తే పొడి రాలుతుంది. అది ఉప్పు. చెమట పట్టనే పట్టకపోతే ఆ ఉప్పు ఎక్కడిది? చెమట పట్టింది, పట్టీ పట్టకముందే ఆవిరైపోయింది. విజయవాడలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి చెమట ఎగరలేక కారుతుంది, కంటికి కనిపిస్తుంది. మన గాలికి దాహమెక్కువ. సముద్రం దూరం. పడమటి కనుమలు వానమబ్బుల్ని ముందే పిండేసుకుంటాయి. ఎండాకాలంలో వాయవ్యం నుంచి దక్కను నేలల మీదుగా వచ్చే గాలి ఎండి ఎండి వస్తుంది. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 20 శాతం దగ్గరికి పడిపోతుంది. నల్లమల, పాలకొండల నడుమ పల్లంలో ఉన్న కడపకు గాలి ఆడక ఇంకాస్త ఎక్కువ శిక్ష.

ఇంట్లో ఉన్న మట్టికుండనే చూడండి. కుండ గోడల సన్నటి రంధ్రాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, గాలికి ఆవిరవుతుంది, ఆవిరవుతూ కుండలోని వేడిని పట్టుకుపోతుంది. ఆవిరికి ఎంత వేడి కావాలో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. లీటరు నీళ్లను పొయ్యి మీద పెట్టి మరిగేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరంతా ఆవిరై పోవడానికి దానికి ఏడెనిమిది రెట్లు కావాలి. కర్నూలులో కుండనీళ్లు జివ్వుమంటాయి, కోస్తాలో అంత చల్లబడవు. ఎయిర్ కూలర్ ఇక్కడ పనిచేసినట్టు అక్కడ పనిచేయకపోవడానికీ కారణం ఇదే. అయితే కుండ గురించి ఇంట్లో ఆడవాళ్లకు తెలిసిన రెండో సంగతి కూడా ఉంది. ఎంత బాగా చల్లబడే కుండలో నీళ్లు అంత తొందరగా తరుగుతాయి. పొద్దున నింపి వదిలేస్తే కుదరదు, మళ్లీ మళ్లీ పోస్తుండాలి. పొయ్యకపోతే చల్లదనమూ ఉండదు.

మనిషి ఒళ్లు చేసే పనీ అదే. మామూలు రోజుల్లో ఒంట్లో పుట్టే వేడిలో చాలావరకు చర్మం నుంచి చుట్టూ ఉన్న గాలిలోకి దానంతటదే పోతుంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతసేపే ఆ దారి తెరిచి ఉంటుంది. గాలి 43కి చేరితే దారి తిరగబడి బయటి వేడి లోపలికి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. అప్పుడు మనిషి ఊరికే కూర్చున్నా చెమట పట్టాలి, బండలు మోస్తుంటే మరీ పట్టాలి. కండలు చేసే కష్టంలో నాలుగోవంతుకు మించి పనిగా మారదు, మిగతాదంతా వేడే. ఎండలో బరువుపని చేసే మనిషి నుంచి గంటకు లీటరు దాకా చెమట పోతుంది.

దీన్ని బట్టి మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది. నీళ్లు అందుతున్నంతసేపు పొడి ఎండ నిజంగానే ఉక్క కంటే మేలు. నీళ్లు అందనప్పుడు ఇదే ఎక్కువ మోసగత్తె, ఎందుకంటే పోయిన నీళ్లు కళ్లకు కనిపించవు. చొక్కా తడవదు, చేయి జారదు, నుదురు తుడుచుకునే పనుండదు. ఎంత పోయిందో ఒంటికి లెక్క చెప్పేవాళ్లు లేరు.

దాహం చెబుతుంది కదా అనవచ్చు. దాహం ఆలస్యంగా చెబుతుంది, పైగా తక్కువ చేసి చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, తన బృందంతో కాలిఫోర్నియా ఎడారిలో సైనికుల మీద ఈ పరీక్షలు చేశాడు. పక్కనే కావలసినన్ని నీళ్లున్నా, దాహమైనప్పుడు తాగమంటే వాళ్లు పోగొట్టుకున్నంత తాగలేదు. నాలుగు గుక్కలు గొంతు దిగగానే దాహం తీరినట్టే అనిపించింది, లోటు మాత్రం అలాగే ఉండిపోయింది. అరవై కిలోల మనిషికి రెండు శాతం లోటంటే దాదాపు లీటరుంపావు నీళ్లు. గనిలో అది గంటా గంటన్నర పని. ఆ పాటికే చేతిలో పట్టు సడలుతుంది, చూపు, ఆలోచన మందగిస్తాయి. కాలి మీద బండ పడ్డ ప్రమాదాల్లో ఎన్నింటి వెనక ఈ లోటు ఉందో ఎవరూ రాసిపెట్టరు.

ఒంట్లో రక్తం చాలనప్పుడు

చెమట ఎక్కడి నుంచో ఊడిపడదు. రక్తంలోని నీరే చెమట. మనిషిలో ఉన్న రక్తమే నాలుగున్నర, ఐదు లీటర్లు. ఎండలో పనిచేసేటప్పుడు దాని కోసం మూడు చోట్ల పోటీ మొదలవుతుంది. వేడిని బయటికి తెచ్చి వదలాలి కాబట్టి చర్మానికి రక్తం ఎక్కువగా కావాలి. పని ఆగలేదు కాబట్టి కండలకూ కావాలి. మెదడుకు, గుండెకు ఎప్పుడూ కావాల్సిందే. ఒకవైపు చెమట రూపంలో రక్తంలో నీరు తరుగుతోంది. ఉన్న కొద్దిపాటి రక్తాన్ని అన్ని చోట్లకూ తిప్పడానికి గుండె వేగం పెంచుతుంది. అందుకే గుండెజబ్బు ఉన్నవాళ్లు వడగాడ్పుల రోజుల్లో ఎక్కువగా చనిపోతారు. చావు కాగితం మీద గుండెపోటు అని పడుతుంది, ఎండ పేరు ఎక్కడా ఉండదు.

చర్మానికీ కండలకూ ఇవ్వడానికి ఒళ్లు ఎవరి వాటా కోస్తుంది? పేగులది, మూత్రపిండాలది. రక్తం తగ్గి, వేడి పెరిగిన పేగు గోడలు లోపలి సూక్ష్మజీవుల విషాలను ఆపలేవు. అవి రక్తంలో కలుస్తాయి. వడదెబ్బ తగిలిన మనిషికి ఒంటి వేడి పెరగడంతోపాటు కాలేయం, మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే గుణం అన్నీ వరసగా దెబ్బతినేది ఇందువల్లే. ఒంటి వేడి 40 దాటి అలాగే ఉంటే మెదడు ముందు లొంగిపోతుంది.

మూత్రపిండాల కథ ఇంకా నెమ్మదైనది. మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో షుగరూ బీపీ లేని యువ కూలీల మూత్రపిండాలు పాడవడం 2000 తర్వాత లోకం దృష్టికి వచ్చింది. ఏటా నెలల తరబడి ఎండలో నీళ్లు చాలక పనిచేయడం అందులో ముఖ్య కారణమని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. మన శ్రీకాకుళం ఉద్దానంలో కారణం ఇంకా తేలని మూత్రపిండాల జబ్బుకు కూడా ఎండ పనిని అనుమానితుల్లో ఒకటిగా చూస్తున్నారు. అది రుజువైందని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. రోజంతా పనిచేసి సాయంత్రానికి ఒక్కసారి, ముదురు పసుపు రంగులో మూత్రం పోసే అలవాటున్న మనిషి మాత్రం ఆ రుజువు కోసం ఆగకూడదు.

"ఎండలో పుట్టినోళ్లం"

జాగ్రత్త చెప్పబోతే గనిలోనైనా, చేలోనైనా వచ్చే జవాబు ఒకటే: "మాకు ఎండ కొత్తనా? ఎండలో పుట్టినోళ్లం." ఇందులో శాస్త్రం ఉంది, ఎక్కడిదాకా ఉందో తెలుసుకోవాలి.

ఎండకు ఒళ్లు నిజంగానే అలవాటు పడుతుంది. ఒకటి రెండు వారాలు రోజూ ఎండలో పనిచేస్తే చెమట ముందుగా పట్టడం మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, గుండెకు శ్రమ తగ్గుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనులు లోతుకు పోయేకొద్దీ లోపలి వేడికి కార్మికులు చనిపోతుంటే, అక్కడి గని వైద్యుడు డ్రియోస్తీ ఈ సంగతిని వాడుకున్నాడు. కొత్త కార్మికులను వేడిగదిలో పరీక్షించి, కొద్దికొద్దిగా అలవాటు చేశాకే లోతుకు పంపే పద్ధతిని 1935లో వివరించాడు.

అయితే ఈ అలవాటు పుట్టుకతో రాదు, సంపాదించుకోవాలి. పని మానేస్తే రెండు మూడు వారాల్లో పోతుంది కూడా. బెంగళూరులో వాచ్‌మన్‌గా చేసి ఏప్రిల్‌లో సొంతూరికి వచ్చి మరునాడే ఉపాధి పనికి పోయే మనిషి, వేసవి సెలవుల్లో నాలుగు రూపాయల కోసం గనికి వచ్చే కాలేజీ పిల్లవాడు, జ్వరంతో పది రోజులు పడుకుని లేచిన ఆడమనిషి, ముగ్గురూ ఎండలో పుట్టినవాళ్లే, ముగ్గురికీ ఎండ కొత్తే. అమెరికాలో ఎండపనిలో చనిపోయినవాళ్ల లెక్కలు తీస్తే దాదాపు సగం మంది పనిలో చేరిన మొదటి రోజే పోయారు, నూటికి డెబ్బై మందికి పైగా మొదటి వారంలో పోయారు. అందుకే అక్కడి వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ కొత్తవాళ్లకు మొదటి రోజు ఐదోవంతు పనే చెప్పమంటుంది. రోజుకు మరో ఐదోవంతు చొప్పున పెంచుకుంటూ పోవాలి. మన మేస్త్రీలు కొత్తవాడి సత్తా చూడాలని మొదటి రోజే బరువుపని పెడతారు.

ఇంకో మెలిక. అలవాటు పడ్డ ఒంటికి చెమట ఎక్కువ పడుతుందన్నాం కదా. అంటే ఆ మనిషికి నీళ్లు తక్కువ చాలవు, ఎక్కువ కావాలి. నీళ్లు లేకుండా పనిచేయడం మాత్రం ఎంతకాలం చేసినా ఒంటికి అలవాటు కాదు. అడాల్ఫ్ సైనికుల దగ్గర తేలిన ముఖ్య విషయం అది. "మా నాయన పొద్దంతా సేద్యం చేసి ఒక్క చెంబు తాగేవాడు" అని గొప్పగా చెప్పేవాళ్లు, ఆ నాయన మధ్యాహ్నం పూట చింతచెట్టు కింద పడుకునేవాడన్న సంగతి మరిచిపోతారు.

టీవీలో చెప్పే డిగ్రీలు

2024 ఏప్రిల్ చివర, మే మొదట్లో నంద్యాల, కడప ప్రాంతాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటింది. ఆ 45 ఎక్కడ కొలిచారు? మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన, గాలాడే చెక్కపెట్టెలో, నీడలో. అంటే అది గాలి వేడి. ఆ పెట్టెలో కూర్చుని పనిచేసే కూలీ ఎవరూ లేరు. కొలిమిగుండ్ల దగ్గర, ఎర్రగుంట్ల దగ్గర నాపరాతి గనుల్లో పైన ఎండ, కింద బండ, చుట్టూ కోసిన రాతి గోడలు. నల్లటి కడప బండ మధ్యాహ్నానికి 60 డిగ్రీలు దాటి కాలడం వింతేమీ కాదు. గనిలో గాలి సరిగా ఆడదు. అడుగుల లెక్కన గుత్తకు చేసే పని కాబట్టి ఆగితే కూలి ఆగుతుంది. టీవీలో 42 అని చెప్పిన రోజు ఆ గుంతలో మనిషి ఒంటి మీద పడే భారం 42 కాదు.

దీనికి పరిష్కారం 1950లలోనే కనిపెట్టారు. అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు ఎండకు కూలిపోతుంటే యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు మూడు థర్మామీటర్ల లెక్క తయారుచేశారు. ఒకటి తడిగుడ్డ చుట్టింది. చెమట ఎంత బాగా ఎగరగలదో అది చెబుతుంది. రెండోది నల్లరంగు వేసిన రేకు గోళంలో పెట్టింది. ఎండ, బండ నుంచి వచ్చే సెగను అది పట్టుకుంటుంది. మూడోది మామూలుది. పది వంతుల్లో ఏడు తడిగుడ్డకు, రెండు నల్లగోళానికి, ఒకటి గాలికి ఇచ్చి కలిపితే వచ్చే అంకెను ఎండభారం అనుకుందాం. విజయవాడలో 39 డిగ్రీలు, సగం తేమ ఉన్నప్పుడు తడిగుడ్డ 30 చూపిస్తుంది. కర్నూలులో 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే తడిగుడ్డ 25 దగ్గరే ఆగుతుంది. అది మన మేలు. కానీ మబ్బు లేని ఆకాశం కింద, బండల నడుమ నల్లగోళం ఎగబాకుతుంది, మామూలు థర్మామీటరూ పైనే ఉంది. అన్నీ కలిపి లెక్క వేస్తే రెండు చోట్ల ఎండభారాల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. మొదటి ప్రశ్నకు మిగతా సగం జవాబు అది. ఇంకో మాట: ఈ మూడింటిలో మనిషి చేతనైనంతలో మార్చగలిగేది నల్లగోళాన్నే. దాని మందు నీడ. గనిలో నాలుగు కట్టెలు పాతి పైన పట్ట కడితే వాతావరణ శాఖ అంకె మారదు, కూలీ మీద పడే భారం మారుతుంది.

వడగాడ్పు అని ఎప్పుడు ప్రకటిస్తారో కూడా తెలుసుకోవాలి. వాతావరణ శాఖ లెక్కలో మైదానాల్లో 40 డిగ్రీలు దాటి, ఆ ఊరి మామూలు వేడి కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా నేరుగా 45 దాటాలి. కర్నూలు, కడపల్లో మేలో మామూలే 40కి అటూఇటూ. కాబట్టి 43 డిగ్రీల రోజు ఇక్కడ వడగాడ్పు రోజు కాకపోవచ్చు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ రోజూ ఇచ్చే మండలాల జాబితాలో మన మండలం లేకపోవచ్చు. జాబితాలో లేనంత మాత్రాన గనిలో మనిషికి క్షేమమని కాదు. ఆ జాబితా ఊరందరికీ ఇచ్చే హెచ్చరిక. పనిచోటికి వేరే కొలత కావాలి.

పగటి సంగతి ఇలా ఉంటే రాత్రి మరో చిక్కు. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడితేనే మరునాటికి సిద్ధమవుతుంది. నాపబండలు, సిమెంటు కప్పులు పట్టిన వేడిని అర్ధరాత్రి దాకా ఇంట్లోకి వదులుతాయి. పాత చౌడు మిద్దెల మందపాటి మట్టికప్పులు ఈ విషయంలో చాలా నయం. వాటి జాగాలో స్లాబులు వచ్చాక ఫ్యానే దిక్కైంది. ఆ ఫ్యానుతో జాగ్రత్త. 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 47 డిగ్రీల పొడి వేడిలో మనుషుల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి చూస్తే ఒంటి వేడి, గుండె శ్రమ రెండూ పెరిగాయి. 40 డిగ్రీల తేమ వేడిలో మాత్రం ఫ్యాను మేలే చేసింది. మన మధ్యాహ్నాలు మొదటి రకానికి దగ్గర. ఒంటి మీద తడిగుడ్డ వేసుకుంటే ఫ్యాను మేలు చేస్తుంది, పొడి ఒంటికి వడగాలినే విసురుతుంది. కప్పు మీద సున్నం కొట్టిస్తే ఇల్లు తేలికపడుతుంది. తెలంగాణ 2023లో ఇలాంటి చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది.

రెండు లీటర్ల లెక్క

గనుల్లో తాగునీటి గురించి 1955 నాటి నియమాల్లో ఒక అంకె ఉంది. పనిలో ఉన్న ఒక్కో మనిషికి కనీసం రెండు లీటర్లు. గంటకు లీటరు చెమట పోయే చోట ఆరు గంటల పనికి రెండు లీటర్లు! కనీసం అన్న మాట నిజమే, కానీ కాంట్రాక్టరు దృష్టిలో కనీసమే గరిష్ఠం. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి పైగా ఉన్న చోట వేసవిలో చల్లటి నీళ్లు ఇవ్వాలంది. సిమెంటు ఫ్యాక్టరీకి అది వర్తించేది, పదిమంది పనిచేసే బండల పాలిష్ షెడ్డుకు వర్తించేది కాదు.

ఎన్ని నీళ్లు, ఎలా? పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. దాహం వేసినా వేయకపోయినా. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్కసారిగా చెంబులకు చెంబులు ఎత్తడం కుదరదు, పొట్ట పట్టదు. గంటకు లీటరున్నరకు మించి తాగకూడదు కూడా. ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లే విపరీతంగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. అందుకే ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగి అంబలి. మన పెద్దలు సద్దికట్టుకుని పోయినదంతా ఇదే. ఓఆర్ఎస్ పొట్లం దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు. చక్కెర రుచికి కాదు, పేగుల్లో ఉప్పును లోపలికి లాక్కుపోయేది అదే. 1971 బంగ్లాదేశ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు దిలీప్ మహలనబిస్ తాగించింది ఇలాంటి నీళ్లే. షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు, ఒంట్లో నీరు లాగే బీపీ మాత్రలు వాడేవాళ్లు వేసవి రాకముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి. సారా, బీరు నీళ్ల లెక్కలోకి రావు.

ఉల్లిపాయ సంగతీ చెప్పాలి, ఉల్లికి పేరుబడ్డ కర్నూలు గురించి రాస్తూ దాటేయలేం. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని నమ్మకం. జేబులో ఉన్న ఉల్లిగడ్డ ఎవరి ఒంటి వేడినీ తగ్గించదు. సద్దిలో నంజుకుంటే రుచి.

ఇక అందరూ చెప్పకుండా దాటేసే విషయం. ఉపాధి పనుల దగ్గర, ఆదోని పత్తి మిల్లుల చుట్టూ, గుంటూరు జిల్లా మిరప చేలకు సుగ్గికి పోయినచోట ఆడవాళ్లను అడిగితే నీళ్లు తక్కువ తాగుతామనే చెబుతారు. "తాగితే యాడికి పోవాల్ల?" మరుగుదొడ్డి లేదు, చాటు లేదు. పొద్దున బయలుదేరినప్పటి నుంచి ఇంటికి వచ్చేదాకా దాహాన్ని అణచుకుంటారు. "నీళ్లు బాగా తాగండి" అన్న పోస్టరు ఎంత పెద్దదైనా ఈ ఒక్క మాటకు జవాబు చెప్పదు. బస్టాండులో పెట్టే చలివేంద్రాల మీద నాయకుల ఫ్లెక్సీ కుండల కంటే పెద్దగా ఉంటుంది, అదే ఖర్చుతో పని దగ్గర తడికెలు కట్టి ఒక మరుగుదొడ్డి పెడితే నీళ్లు వాటంతటవే ఖర్చవుతాయి.

మాట తేడా పడితే

కాళ్లు పట్టేయడం, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం: ఇవి ఎండ సొమ్మ. నీడకు తెచ్చి, కాళ్లు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టి, ఉప్పు మజ్జిగ తాగిస్తే తేరుకుంటారు. ఆరోజుకు మళ్లీ పనికి పంపకూడదు. దాన్ని దాటి అసలు వడదెబ్బ, డాక్టర్లు హీట్ స్ట్రోక్ అనేది, మొదలైందని చెప్పే గుర్తు ఒకటుంది. మనిషి మాట, నడత తేడాగా ఉంటాయి. తూలడం, కోపగించుకోవడం, పొంతన లేకుండా మాట్లాడటం. "అన్నా, ఈపొద్దు ఏం వారం? మనం యాడుండాం?" అని అడిగితే జవాబు తప్పుతుంది. తాగి వచ్చాడని నవ్వి ఊరుకునేది సరిగ్గా ఇక్కడే. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అనే మాట పుస్తకాల్లో ఉంది. అది ఇంట్లో కూర్చున్న ముసలివాళ్లకు ఎక్కువగా వర్తిస్తుంది. పని చేస్తూ పడిపోయిన మనిషికి చెమట కారుతూనే ఉండొచ్చు.

అప్పుడు చేయాల్సిన పని ఒళ్లు చల్లబరచడం. 108కి ఫోన్ చేయండి, కానీ అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకండి. అరగంటలోపు వేడి దిగితే చాలామంది బతుకుతారు, గంటల తరబడి అలాగే ఉంటే ఆసుపత్రిలో కూడా చేయగలిగింది తక్కువ. పారాసిటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్లు ఒంటి మీద పోయాలి, ఎన్నుంటే అన్ని. బండలు కోసే మిషన్ల దగ్గర ఎప్పుడూ నీటితొట్టి ఉంటుంది. తల నీళ్లలో మునగకుండా పట్టుకుని మెడదాకా ముంచితే అంతకంటే మంచి వైద్యం లేదు. తొట్టి లేకపోతే పట్ట పరిచి మనిషిని పడుకోబెట్టి, నలుగురు నాలుగు అంచులు ఎత్తి పట్టుకుని, మధ్యలో నీళ్లు పోసి కదుపుతూ ఉండాలి. అదీ కుదరకపోతే తడిగుడ్డ కప్పి టవాళ్లతో విసరాలి. మక్కాలో హజ్ యాత్రికుల కోసం 1980 ప్రాంతంలో తయారైన చల్లబరిచే మంచం ఈ సూత్రం మీదే పనిచేస్తుంది: ఒంటి మీద సన్నగా నీళ్లు చల్లుతూ గాలి కొట్టడం. చెమట ఎండిపోయే మన గాలి ఇక్కడ మన పక్షానికి వస్తుంది.

కువైట్‌లో నిషేధం, ఇక్కడ సలహా

రాయచోటి, రాజంపేట, బద్వేలు చుట్టుపక్కల కువైట్‌కు పోయిన మనిషి లేని ఊరు దొరకడం కష్టం. అక్కడ జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించడం నేరం. ఆ దేశంలోనే మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. ఖతార్ ఇంకో అడుగు వేసి 2021 నుంచి ఎండభారం 32.1 దాటితే గంట ఎంతైనా పని ఆపాలంటోంది. ఆ నియమాలు అక్కడ ఎంత నికరంగా అమలవుతాయో వెళ్లొచ్చినవాళ్లే చెప్పాలి. నియమం మాత్రం ఉంది. అదే మనిషి ఊరికి తిరిగొచ్చి బండల గనిలో చేరితే అతనికి వినిపించేది "12 నుంచి 3 దాకా బయటికి రాకండి" అనే సలహా. సలహా కూలీకి చెబుతారు. పనివేళలు, నీళ్ల డ్రమ్ము, పట్ట నీడ, గుత్త కూలి మాత్రం యజమాని చేతిలో ఉంటాయి. ఈ హెచ్చరిక వినాల్సినవాడికి కాక పడాల్సినవాడికి చేరుతోంది. ఉపాధి హామీ పనుల్లో వేసవిలో పొద్దున్నే మొదలుపెట్టి 11లోపు ముగించే ఏర్పాటు ఉందంటే, అక్కడ పని పెట్టేది ప్రభుత్వం కాబట్టి.

హెచ్చరిక పనిచేయదని కాదు. అహ్మదాబాదులో 2010 మే నెలలో మామూలు కంటే 1,344 మంది ఎక్కువగా చనిపోయారు. ఆ దెబ్బతో 2013లో ఆ నగరం దక్షిణాసియాలోనే మొదటి ఎండ కార్యాచరణ ప్రణాళిక తయారుచేసింది. తమ ఊళ్లో ఏ వేడి దగ్గర చావులు పెరుగుతున్నాయో లెక్క చూసి, దాన్ని బట్టి రంగుల హెచ్చరికలు పెట్టుకుంది. ఆ లెక్క మనకు కావాలంటే చావుల్ని ముందు సరిగా రాసుకోవాలి. మన దగ్గర వడదెబ్బ చావని తేల్చేది తహశీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసిన ముగ్గురి కమిటీ. అప్పటికి దహనమో ఖననమో అయిపోయి ఉంటుంది, ఒంటి వేడి ఎవరూ చూసి ఉండరు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి 4 లక్షల పరిహారం పెట్టింది. డబ్బు కోసమైనా చావులు కాగితాల మీదికి వస్తాయి.

గంటకు పావుగంట నీడలో కూర్చోబెడితే పని నడవదని కాంట్రాక్టర్లు అంటారు. ఎల్ సాల్వడార్‌లో ఒక చక్కెర మిల్లు చెరకు కోసేవాళ్లకు 2014-15 కోతల కాలంలో వీపుకు తగిలించుకునే నీళ్ల సంచులు, మోసుకుపోగలిగే నీడపందిరి, నిర్ణీత వేళల్లో విశ్రాంతి, మంచి కత్తులు ఇచ్చి చూశారు. మనిషికి రోజుకు సుమారు ఐదు టన్నులున్న కోత ఏడు టన్నులు దాటింది. మన గనుల్లో ఆ లెక్క వేసి చూడటానికి ఒక నీళ్ల డ్రమ్ము, ఒక పట్ట, ఒక గడియారం చాలు. గుత్త రేటు కట్టేటప్పుడు ఆ పావుగంటను కూడా కూలిలో కలపడానికి మేస్త్రీ ఒప్పుకోవాలి.